పాత ఫైబర్ కెనూ బాగుచేయించాలా, వదిలేయాలా? చెన్నైలో ఉండేవాళ్ళకి పూర్తి గైడ్

మేడ మీద బోర్లించిందో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో గోడకి ఆనించిందో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పక్కన ఎవరి తోటలోనో ఎండకి పడున్నదో, ఒక పాత కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పొడవాటి పడవ, మీ చేతికి వచ్చిందనుకోండి. 2015 వరదల తర్వాత భయపడి కొన్నదై ఉండొచ్చు, 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానప్పుడు వీధుల్లో తిప్పితే మునిగిపోయిన గేట్లకీ ప్రహరీ గోడలకీ గుద్దుకున్నదై ఉండొచ్చు. అడుగున చిల్లు, ఒక పక్క అంచు విరిగి వేలాడుతోంది, రంగు పొడిపొడిగా రాలుతోంది. చూసినవాళ్ళలో ఒకరు "పారేయండి సార్" అంటారు, ఇంకొకరు "కాస్త ఎమ్‌సీల్ పెట్టేస్తే అయిపోతుంది" అంటారు. ఇద్దరూ చిల్లునే చూసి మాట్లాడుతున్నారు. కానీ చిల్లు ఎంత పెద్దదైనా పూడ్చొచ్చు, దాని చుట్టూ ఉన్న ఫైబర్ లోపల కుళ్ళిపోయి ఉంటేనే పడవ పోయినట్టు. కింద చెప్పే పరీక్షల్లో చాలా వరకు ఆ చుట్టుపక్కల సంగతి తేల్చడానికే. పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు, ఆరబెట్టే రోజులు పక్కన పెడితే ఒక శని, ఆదివారం కేటాయిస్తే చాలు.

1. ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి

పడవని ముట్టుకోకముందే వేసుకోవాల్సిన ప్రశ్న, దీన్ని ఎక్కడ దించుతారు అని. చెన్నై చుట్టుపక్కల కెనూ దించగలిగే చోట్లు నిజానికి తక్కువ. పుళల్, చెంబరంబాక్కం ఊరికి తాగునీళ్ళిచ్చే చెరువులు, వాటిని లెక్కలో పెట్టుకోవద్దు. కూవం, అడయార్ నీళ్ళ సంగతి ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగిలేవి దక్షిణాన ముట్టుకాడు బ్యాక్‌వాటర్, ఉత్తరాన పులికాట్ సరస్సు. ముట్టుకాడులో తమిళనాడు టూరిజం వాళ్ళ బోట్ హౌస్ ఉంది కాబట్టి సొంత పడవ దించే ముందు అక్కడ అడిగి కనుక్కోండి, పైగా అక్కడ సముద్రం వైపు మొగ తెరుచుకుని ఉన్న రోజుల్లో ఆటుపోట్లకి నీళ్ళు గట్టిగా లాగుతాయి. పులికాట్ చాలా చోట్ల మీటరు లోతు కూడా ఉండదు, అక్కడ అసలు ఇబ్బంది అడుగు ఆల్చిప్పలకి గీసుకుపోవడం. సముద్రంలోకి మాత్రం రిపేర్ చేసిన పాత కెనూ తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోకండి. పైన తెరిచి ఉండే పడవ అది, మెరీనా నుంచి కోవళం దాకా అలలు ఒడ్డు దగ్గరే విరుగుతాయి, ఒక్క అల లోపల పడితే నిండిపోతుంది.

ఇంకో విషయం, 16 అడుగుల కెనూ అంటే దాదాపు 5 మీటర్లు. ఏ లిఫ్ట్‌లోనూ పట్టదు, టాటా ఏస్‌లో అయితే క్యాబిన్ మీదికి ఎత్తి కట్టాల్సిందే. పెట్టుకోవడానికి నీడ, తీసుకెళ్ళడానికి బండి, దించడానికి నీళ్ళు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా పరీక్షలతో పనిలేదు. అవసరం ఉన్నవాళ్ళకి ఇచ్చేయండి.

2. అది నిజంగా ఫైబరేనా?

బయటినుంచి చూస్తే ప్లాస్టిక్ కెనూకీ ఫైబర్ కెనూకీ తేడా తెలియకపోవచ్చు, రంగు వేసి ఉంటే మరీ. కనపడని మూలలో కత్తితో చిన్న పెచ్చు గీకి గ్లాసు నీళ్ళలో వేయండి. తేలితే పాలీఇథిలీన్, అంటే మన సింటెక్స్ ట్యాంకుల జాతి ప్లాస్టిక్. మునిగి, దగ్గరగా చూస్తే సన్నటి గాజు పోగులు కనిపిస్తే ఫైబర్.

ప్లాస్టిక్‌దైతే నిర్ణయం తొందరగా అయిపోతుంది. దాని మీద రెసిన్ (గాజు పోగుల్ని పట్టి ఉంచే, ఆరితే గట్టిపడే జిగురు ద్రవం), ఎమ్‌సీల్, ఫెవిక్విక్ ఏవీ నిలబడవు, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగ్ ఒక్కటే దారి. పగులు ఒక్కటే ఉండి మిగతా పడవ మెత్తగా వంగుతుంటే వెల్డింగ్ చేయించండి. ఎండకి పెళుసుబారి, గోటితో గీరితే తెల్లటి పొడి వస్తూ, నొక్కితే చిటచిటమంటుంటే ఒకచోట అతికినా పక్కన ఇంకోచోట పగులుతుంది. దాన్ని వదిలేయండి. ఇక్కడినుంచి చెప్పేదంతా ఫైబర్ కెనూ గురించే.

3. కడగండి, ఆరనివ్వండి

మంచినీళ్ళు, సబ్బు, కొబ్బరిపీచు. ఉప్పు, పాచి, పావురాల రెట్ట అంతా పోవాలి, మురికి కింద దాక్కున్న పగుళ్ళు అప్పుడే బయటపడతాయి. తర్వాత కొన్నాళ్ళు నీడలో ఆరబెట్టాలి. చెన్నై తేమలో పైపైన ఆరినా లోపల తడి ఉండిపోతుంది. అనుమానంగా ఉన్న చోట పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఎండలో పెట్టండి, షీటు లోపలి వైపు నీటి బొట్లు పడితే ఫైబర్ ఇంకా తడి వదులుతోందన్నమాట.

ఆరాక పెయింటు మీద చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే ఒకటి సూదితో పొడవండి. వెనిగర్‌లాంటి పుల్లటి వాసనతో చుక్క ద్రవం వస్తే, నీళ్ళు జెల్ కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పై పూత) దాటి లోపలి రెసిన్ దాకా వెళ్ళాయని అర్థం. అక్కడక్కడా ఉంటే గీకి, ఆరబెట్టి, పూడ్చొచ్చు. అడుగంతా దద్దుర్లలా లేచి ఉంటే మాత్రం చాలా పెద్ద పని.

4. నాణెంతో కొట్టి వినండి

తొందరపడకుండా చేయాల్సిన పరీక్ష ఇదే. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. పడవని రెండు పాత టైర్ల మీద బోర్లించి, టీవీ, ఫ్యాన్ అన్నీ ఆపి, మందపాటి 5 రూపాయల నాణెం అంచుతో ముక్కు దగ్గరనుంచి మొదలుపెట్టి రెండేసి అంగుళాలకి ఒకసారి కొడుతూ వెళ్ళండి. బాగున్న ఫైబర్ గట్టిగా, పొడిగా టక్ టక్ మంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట శబ్దం ఒక్కసారిగా చచ్చుబడి డబ్ డబ్ మంటుంది, నాణెం ఎగిరే తీరు కూడా మారుతుంది. మారిన ప్రతిచోటా మార్కర్‌తో చుక్క పెట్టండి. చివర్లో చుక్కలన్నీ కలుపుతూ గీత గీస్తే పోయిన భాగం మ్యాపులా కనిపిస్తుంది. అరచేయంత చిల్లు చుట్టూ అరచేయంతే చచ్చుబడి ఉంటే అది మామూలు దెబ్బ. అదే చిల్లు చుట్టూ రెండడుగుల దాకా డబ్ మంటుంటే, దెబ్బ తగిలాక కూడా తడిసి, ఆరి, మళ్ళీ తడిసి పొరలు లేచిపోయాయన్నమాట.

పగుళ్ళు కూడా కథ చెప్తాయి. ఒక్క చోటినుంచి నక్షత్రంలా చుట్టూ పాకితే అక్కడ ఏదో గుద్దుకుంది. పక్కపక్కనే సమాంతరంగా గీతలుంటే ఆ భాగం పదే పదే వంగుతోంది, అంటే పైన పగులు పూడ్చినా లోపల బలం పెంచకపోతే మళ్ళీ వస్తుంది. ప్రతి పగులుకీ అవతలివైపు, పడవ లోపల చూడండి. లోపల ఏమీ లేకపోతే పైన జెల్ కోట్ మాత్రమే చిట్లింది, ఎంత వికారంగా ఉన్నా అది అందానికి సంబంధించిన గొడవే. లోపల కూడా తెల్లగా పాలిపోయి ఉంటే పోగులు తెగాయి, అది బలానికి సంబంధించినది. రాత్రిపూట బయటినుంచి ఒకరు ఫోన్ టార్చ్ ఆనించి పట్టుకుంటే లోపల ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, పెయింటు పొరలు మందంగా లేకపోతే.

నా లెక్కలో, చచ్చుబడిన భాగం అడుగు మొత్తంలో నాలుగో వంతు దాటితే ఆ కెనూ మీద డబ్బు పెట్టకూడదు. ఎందుకో లెక్క దగ్గర చెప్తాను.

5. మోకాలు, దారం

పడవని మామూలుగా తిప్పి పెట్టి లోపల అడుగు మీద మోకాలితో మెల్లగా బరువు వేయండి. కొద్దిగా వంగి వెంటనే వెనక్కి రావాలి. నొక్కితే పొక్కిలిలా దిగి అలాగే ఉండిపోయినా, కరకరమన్నా ఆ చోటు కూడా మార్క్ చేయండి.

తర్వాత మళ్ళీ బోర్లించి, ముక్కు నుంచి తోక దాకా అడుగు మధ్యలో దారం బిగించి కట్టి, ఒక చివర కూర్చుని కన్నార్పకుండా చూడండి. అడుగు ఏ పక్కకైనా మెలి తిరిగిందా, మధ్యలో లోపలికి పోయిందా? ఏళ్ళ తరబడి తప్పుగా పేర్చి పెట్టిన పడవలకి ఇలా అవుతుంది. మెలి తిరిగిన కెనూ నీళ్ళలో ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతూ ఉంటుంది, ఎంత మంచి మేస్త్రీ అయినా దాన్ని సరిచేయలేడు. చిల్లులు ఎన్నున్నా నేను రిపేర్‌కే ఓటేస్తాను గానీ మెలికకి మాత్రం వేయను.

మెలికని నమ్మే ముందు మీద అంచులు చూడండి. కెనూ ఆకారాన్ని పట్టి ఉంచేది చుట్టూ ఉండే అంచు పట్టీ, ఆ రెండు అంచుల్నీ కలిపే అడ్డ కర్రలు. అడ్డ కర్ర విరిగినా, ఎవరో పీకేసినా పడవ పొట్ట తెరుచుకుని వంకరగా కనిపిస్తుంది. రెండు వైపులా తాడు కట్టి వెడల్పు దగ్గరికి లాగి మళ్ళీ దారంతో చూడండి, నిటారుగా వస్తే అది అసలు మెలికే కాదు. కొత్త అడ్డ కర్ర టేకుతో ఏ వడ్రంగి అయినా చేసిస్తాడు. అంచు అల్యూమినియందైతే బోల్టుల చుట్టూ తెల్లటి పొడి ఉందేమో చూడండి, ఉప్పునీళ్ళలో స్టీలు బోల్టు పక్కన అల్యూమినియం అలాగే తినేసుకుంటుంది. దాన్ని మార్చడం కష్టం కాదు, ఖర్చులో రాసుకోవాలంతే.

6. ముందూ వెనకా ఉన్న మూసిన గదులు

చాలామంది వీటిని పట్టించుకోరు. ముక్కు, తోక దగ్గర మూసేసి ఉండే ఆ గదుల్లో గాలో, ఫోమో ఉంటుంది, పడవ బోల్తాపడినా పూర్తిగా మునిగిపోకుండా పైన ఉంచేది అదే. చేత్తో తట్టి, పడవని ఊపి వినండి. లోపల నీళ్ళ చప్పుడొస్తే కింది మూలలో చిన్న డ్రిల్ రంధ్రం వేయండి. గోధుమరంగు నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటే ఫోమ్ నానిపోయింది. నానిన ఫోమ్ ఊరికే ఆరదు, గది కోసి తీసి కొత్తది పెట్టాలి.

ఇంట్లో బరువు చూసుకునే మెషీన్‌తో కూడా ఇది తెలుస్తుంది. ఒక చివర మెషీన్ మీద, ఇంకో చివర అంతే ఎత్తు దిమ్మ మీద పెట్టి చూసి, తర్వాత మార్చి పెట్టి చూసి, రెండు అంకెలూ కలపండి. 16 అడుగుల మామూలు ఫైబర్ కెనూ 30 కిలోలు, అటూ ఇటూ ఉంటుంది. మీది 45 వచ్చిందంటే ఆ అదనపు బరువు లోపల దాగిన నీళ్ళో, ఇంతకుముందు ఎవరో పూసిన పుట్టీ, రెసిన్ పొరలో అయ్యుండాలి.

7. పాత అతుకులు

కొత్త దెబ్బకంటే పాత అతుకు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎమ్‌సీల్ కదలని పైపుల మీద బాగా పనిచేస్తుంది, వంగే పడవ అడుగున మాత్రం దాని అంచులు లేచిపోతాయి, ఆ సందులోంచి నీళ్ళు వెళ్తుంటాయి. తారు పూసి ఉంటే గీకడానికే సగం రోజు పోతుంది. అన్నిటికంటే ఘోరం సిలికోన్. అది పూసిన చోట దాని జిడ్డు పూర్తిగా పోకపోతే రెసిన్ పట్టదు, కాబట్టి అసిటోన్‌తో తుడిచి, సాండింగ్ చేసి, మళ్ళీ తుడవాలి. అతుకులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఒక్కొక్కటీ గీకి తీసేయాల్సినదే అనుకుని లెక్క వేయండి.

8. ఇప్పుడు లెక్క

ఒక చిల్లు తీసుకుందాం. వెడల్పు 10 సెంటీమీటర్లు, అక్కడ ఫైబర్ మందం 4 మిల్లీమీటర్లు. చిల్లు చుట్టూ అంచుని ఏటవాలుగా, మందానికి 12 రెట్ల వెడల్పులో గ్రైండ్ చేయాలి, అప్పుడే కొత్త పొరలు పాతవాటిని గట్టిగా పట్టుకుంటాయి. అంటే ప్రతివైపూ దాదాపు 5 సెంటీమీటర్లు, మొత్తం అతుకు 20 సెంటీమీటర్ల గుండ్రం. చదరపు మీటరు 450 గ్రాములు తూగే గ్లాస్ మ్యాట్ (గాజు పోగుల చాప) ఒక్క పొర సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది కాబట్టి 4 పొరలు. అన్ని పొరలూ పూర్తి సైజులో కోసినా మ్యాట్ 60 గ్రాములు దాటదు, రెసిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే 150 గ్రాములు. మెటీరియల్ మొత్తం పావు కిలో కూడా లేదు! ఖర్చంతా గ్రైండింగ్‌లో, పట్టిన సమయంలో ఉంది. మేస్త్రీ చెప్పే రేటులో ఎక్కువ భాగం దానికే, అది న్యాయమే కూడా.

అదే అడుగు మొత్తం మెత్తబడిన పడవ తీసుకోండి. ఒకటిన్నర చదరపు మీటర్లకి 3 పొరలు వేయాలంటే మ్యాట్ 2 కిలోలు, రెసిన్ 5 కిలోలు. పాత పొరలు గీకకుండా పైన వేసేస్తే 30 కిలోల కెనూ 37 అవుతుంది, విడిపోయిన పొరలు కింద అలాగే విడిపోయి ఉంటాయి. గీకి వేయాలంటే రోజుల పని. నాలుగో వంతు దాటితే వద్దన్నది ఇందుకే.

కాగితం మీద మెటీరియల్, కూలి, అంచులు, అడ్డ కర్రలు, ఫోమ్, రాకపోకల బండి అన్నీ రాసి, అలాంటిదే బాగున్న సెకండ్ హ్యాండ్ కెనూ ధర పక్కన పెట్టండి. సగం దాటకపోతే హాయిగా రిపేర్‌కి ఇవ్వండి. సగం దాటి మూడొంతులకి చేరితే, ఆ పడవ మీద మీకు ప్రేమ ఉంటేనే. నాన్నగారో తాతగారో తెడ్డు వేసిన పడవైతే ఆ ప్రేమకి కూడా విలువ కట్టండి, అందులో తప్పేం లేదు. కానీ మెలిక, నాలుగో వంతు దాటిన చచ్చుబాటు, ఈ రెండిట్లో ఏది ఉన్నా ప్రేమ కోసం కూడా మనుషుల్ని ఎక్కించకండి.

9. ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి

కాసిమేడు చేపల రేవులో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్ళని మించినవాళ్ళు ఊళ్ళో దొరకరు. అక్కడి బోట్ల మీద శ్రీకాకుళం వైపునుంచి వచ్చి పనిచేసేవాళ్ళు చాలామంది ఉంటారు, తెలుగులోనే అడిగితే మంచి మేస్త్రీ ఎవరో చెప్తారు. అయితే తూర్పు తీరంలో మరబోట్లకి చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. బోట్లు ఎక్కువగా రిపేర్‌కి వచ్చేది అప్పుడే, మీ చిన్న కెనూకి ఆ రెండు నెలల్లో ఎవరికీ తీరిక ఉండదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వానలు, తేమకి రెసిన్ సరిగ్గా గట్టిపడదు. కాబట్టి సంక్రాంతి అయ్యాక మార్చి లోపల ఇచ్చేయడం మేలు. కాసిమేడు దూరమైతే గిండీ, అంబత్తూరు ఎస్టేట్లలో ఫైబర్ వస్తువులు చేసే చిన్న యూనిట్లు ఉంటాయి, వాళ్ళనీ అడగొచ్చు.

మేస్త్రీని రేటు అడిగే ముందు, "అన్నా, చిల్లు చుట్టూ ఎంతవరకు గీకుతావు?" అని అడగండి. "గీకడం దేనికి సార్, పైన రెండు పొరలు వేసేస్తా, ఏనుగు ఎక్కినా ఏం కాదు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. మీరు గీసిన మార్కర్ గీతలు చూసి, తనూ ఒకసారి తట్టి చూసి, "ఇంకో జానెడు పోవాలి" అన్నవాడికి పని అప్పజెప్పండి, రెండొందలు ఎక్కువైనా సరే.

10. మీరే చేస్తానంటే

చిన్న చిల్లయితే చేయొచ్చు, ఈ జాగ్రత్తలు మాత్రం వదలొద్దు. మన షాపుల్లో పాలిస్టర్ రెసిన్‌తో పాటు కోబాల్ట్ (గట్టిపడటాన్ని తొందరపెట్టేది), హార్డనర్ (గట్టిపరిచేది) రెండు వేరే సీసాల్లో ఇస్తుంటారు. ఆ రెండిటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, భగ్గుమని మండి పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్. హార్డనర్ కిలో రెసిన్‌కి 10 నుంచి 20 గ్రాములు, చెన్నై ఎండల్లో 10కి దగ్గరగా, అదీ తెల్లవారుజామున చేసుకుంటే చేతిలోనే గడ్డకట్టకుండా ఉంటుంది. అంతకంటే తగ్గిస్తే ఎప్పటికీ సరిగ్గా గట్టిపడకపోవచ్చు. కంటికి గాగుల్స్ తప్పనిసరి, హార్డనర్ చుక్క పడితే చూపు పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి వెళ్ళాలి. గ్రైండింగ్‌కి దుమ్ము మాస్క్, రెసిన్‌కి ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్, పని ఆరుబయటే.

ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ధర ఎక్కువ. దానితో మామూలు గ్లాస్ మ్యాట్ వాడకండి, మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీకి నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోవాలి. ఒకసారి ఎపాక్సీ వేసిన చోట తర్వాత పాలిస్టర్ సరిగ్గా పట్టదు కాబట్టి ఏది వాడాలో మొదటే తేల్చుకోండి.

పని అయ్యాక అతుకు పూర్తిగా గట్టిపడేదాకా ఆగి, పడవని టైర్ల మీదే ఉంచి లోపల నాలుగైదు బకెట్ల నీళ్ళు పోయండి. గంటసేపు వదిలి అడుగున చేయి పెట్టి తడి చూడండి, కారిన చోట పెన్సిల్‌తో గుర్తు. అది నెగ్గాకే నడుం లోతు నీళ్ళలో, లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డున ఇంకో మనిషిని ఉంచి.

వద్దనుకుంటే

అడ్డ కర్రలు, సీట్లు, బాగున్న అంచు పట్టీలు విప్పి దాచండి లేదా ఇచ్చేయండి, ఇంకో కెనూకి పనికొస్తాయి. అట్ట, కర్ర ముక్కల్లా ఫైబర్‌ని మంటలో వేయొద్దు, ఆ పొగ చుట్టుపక్కల అందరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకుని, నీళ్ళు చల్లుతూ కోస్తే గాజు దుమ్ము అంతగా లేవదు. మీకు స్థలం ఉంటే కోయక్కర్లేదు కూడా, అడుగున రంధ్రాలు వేసి మట్టి నింపితే ఆకుకూరలకి బాగుంటుంది. ఎవరికైనా అమ్మితే మాత్రం ఏం పోయిందో మార్కర్ గీతలతో సహా చూపించి, నీళ్ళలోకి పనికిరాదని నోటితో చెప్పి అమ్మండి.